ఖాళీగా నమోదైన నిమిషం

మిగిలిన రోజులు: 74

ఈ రోజు నలభై ఎనిమిది బొమ్మలను తుడిచాను. నిన్న పరీక్ష జరిగింది. పరీక్ష మర్నాడు బొమ్మల నోళ్ళు కడగాలి, కళ్ళలో నీళ్ళు నింపాలి, తోలు ఎక్కడ అరిగితే అక్కడ ముక్క కోసి కొత్తది అతికించాలి. తోలు వెచ్చగా ఉంటుంది. పనిలో చేరిన మొదటి వారం, ఒక్కొక్క దాన్నీ పక్కకు తిప్పేటప్పుడు "కొంచెం ఓర్చుకోండి" అనేదాన్ని. ఇప్పుడు అనడం మానేశాను.

వరుసకు ఎనిమిది బొమ్మలు, మొత్తం ఆరు వరుసలు. డాక్టరు ముద్ర కోసం వచ్చే ఒక్కో అభ్యర్థికి ఒక్కో వరుస. బొమ్మ రోగిలాగే ఊపిరి పీలుస్తుంది, మూలుగుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఏడు నిమిషాల్లో దాని జబ్బేమిటో, మందేమిటో చెప్పాలి. గోడలో ఉన్న గణకం అంతా విని తీర్పు ఇస్తుంది.

నిన్నటి వరుసల్లో మూడింటిలో బొమ్మల కుడి మణికట్టు తోలు పల్చబడి ఉంది. మిగతా మూడింటిలో కొత్తదానిలా మెరుస్తోంది.

"ఏం పిల్లా, మళ్ళ మణికట్లేనా?" అన్నారు హైమవతి మేడమ్. బొమ్మల గదికి ఆవిడే పెద్ద. "మీ తెప్పోళ్ళు పరీక్షకొచ్చిన్నాడే గిట్లయితది. గంత గట్టిగ ఎందుకు పట్టుకుంటరు? పారిపోతయా ఏంది బొమ్మలు?"

"నాడి చూస్తాం మేడమ్."

"నాడి చూసుడేంది! చేతికి కడెం ఉంటది, గోడ మీద అంకె పడతది. చదువుకుంటే అయిపాయె."

ఇక్కడ మెట్టలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి రోజే చేతికి కడెం వేస్తారు. అందుకే బొమ్మలకూ ఉంటుంది. సముద్రం మీద తెప్పలు కట్టుకుని బతికే మాకు ఉండదు.

తెప్పలవాళ్ళం చదివే ఓడ కాలేజీలో ప్రతి విద్యార్థీ, రోజూ జరిగింది నమోదు చేసే కాపలా పుస్తకం రాయాలి. చదువు పూర్తయినా నాకు ఆ అలవాటు పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. ముద్ర పరీక్షలో నా వంతు వచ్చేదాకా ఈ గదిలో పని చేస్తున్నాను. మెట్టలో ఉండటానికి నాకిచ్చిన తొంభై రోజుల్లో పదహారు అయిపోయాయి.

మిగిలిన రోజులు: 71

ఆదివారం. బయటివాళ్ళ వసతిలో పొద్దున ఏడింటికి రేడియో నా వంతు.

"తిన్నావేటే?" అంది అమ్మ.

"తిన్నానమ్మా. జొన్న సంకటి."

"సేప లేదేటి?"

"ఇక్కడ చేప దొరకదు."

"సేప దొరకని ఊళ్ళో డాకటేర్లు ఎలాగవుతారే?" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "మన తెప్ప మీద నలభై మందికి ఒచ్చిందమ్మీ. మొన్న పద్దెనిమిదే."

ఉప్పు జ్వరం సంగతి అది. మొదట ఒళ్ళు నీరసం. ఆ తర్వాత నాడి అక్కడక్కడా తప్పుతుంది. నెల రోజుల్లో మందు పడకపోతే ఒకనాడు గుండె ఆగిపోతుంది. మందు మెట్టలోని చల్లని గిడ్డంగుల్లోనే ఉంటుంది. మెట్ట ముద్ర ఉన్న డాక్టరు చేత్తో ఇస్తేనే తెప్పలకు దిగుతుంది. మూడు వేల వంద మంది ఉన్న మా నల్లరేవు తెప్పకు రెండేళ్ళుగా అలాంటి డాక్టరు లేరు.

మా ఇంట్లో నాకు ముందు ఎవరూ అక్షరం దిద్దలేదు. నా పరీక్షను అమ్మ బొమ్మలాట అంటుంది. "ఆ బొమ్మలాట ఏదో బేగీ ఆడీసి రాయే," అంది రేడియో కట్టేసే ముందు.

మిగిలిన రోజులు: 66

దానియేలు సార్ ఈ వసతిలోనే ఉన్నారు. ఓడ కాలేజీలో నాకు నాడి చూడటం, ప్రసవాలు చేయడం నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతుకుతున్నారు. నాలుగు వేల మంది పిల్లలను ఈ లోకంలోకి తెచ్చిన మనిషి పరీక్షలో మూడుసార్లు తప్పారు. నాలుగోదే ఆఖరిది. అదీ తప్పితే మళ్ళీ మెట్ట ఎక్కనివ్వరు.

"ఎక్కడ తప్పారు సార్?" అని అడిగాను.

"చెబితే కదా అమ్మాయ్! బోర్డు మీద 'అర్హత లేదు' అని రెండు మాటలు. అంతే. రోగం పేరు చెప్పకుండా మనిషిని పాతిపెట్టమన్నట్టుంటుంది."

ఇదివరకు మార్కులు ఇచ్చేవారట. ఏ బొమ్మ దగ్గర ఎన్ని పోయాయో కాగితం చేతికి వచ్చేదట. అంకెలు చూసి పిల్లలు కుంగిపోతున్నారని ఇక్కడి కాలేజీలు అడిగితే మూడేళ్ళ కిందట తీసేశారు. ఇక్కడ చదివినవాళ్ళలో నూటికి ఇద్దరు తప్పుతారు. మావాళ్ళలో డెబ్భై మంది. తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఏం దిద్దుకోవాలి? సార్ ప్రతిసారీ పుస్తకాలన్నీ మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివారట.

మిగిలిన రోజులు: 52

మణికట్టు తోలు ఎక్కువగా ఎందుకు ఖర్చవుతోందని పైవాళ్ళు హైమవతి మేడమ్‌ను సంజాయిషీ అడిగారు.

"నువ్వే రాయి పిల్లా, నీ రాత మంచిగుంటది. ఏ వరుసల ఎవరు ఎంతసేపు పట్టుకున్నరో గణకం కాడ ఉంటది, తీసిస్త," అన్నారు.

పాత పరీక్షలవి, గణకం అచ్చేసిన కాగితం చుట్టలు తీసిచ్చారు. అందులో పేర్లు ఉండవు, వరుసలే. మొదట మణికట్లు అరగని వరుస, అంటే మెట్ట అభ్యర్థిది, చూశాను. పలకరింపు అయిదు సెకండ్లు, ఆ వెంటనే మొదటి ప్రశ్న, పన్నెండో సెకండులో రక్తపరీక్షకు ఆదేశం. తర్వాత మావాళ్ళ వరుస చూశాను. పలకరింపు అయిదు సెకండ్లు. ఆరో సెకండు నుంచి అరవై ఆరో సెకండు దాకా ఒకే మాట: ఖాళీ. పక్కన: నిర్ణయంలో జాప్యం. ఆ కింద: సున్నా.

రెండో బొమ్మకూ అంతే. మూడోదానికీ.

"ఖాళీ అంటే ఏమిటి మేడమ్?"

"మాట్లాడకపోతే, ఏదీ రాయకపోతే, ఖాళీ అని పడతది. నలభై అయిదు సెకండ్లు దాటితే ఆ రోగికి సున్నా. అయ్యో, గిది నీకు తెల్వదా?"

"ఆ నిమిషం వాళ్ళు నాడి చూస్తున్నారు మేడమ్."

ఆవిడ చుట్ట వైపు చూశారు, బొమ్మ మణికట్టు వైపు చూశారు. "గణకానికి చెవులే ఉన్నయి పిల్లా," అన్నారు. "చేతులకు ఏం తెలుస్తదో దానికెట్ల తెలుస్తది?"

మెట్ట పుస్తకాల్లో నాడిని పదిహేను సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించమని ఉంటుంది. ఓడ మీద అలా కుదరదు. కింద యంత్రం వణుకు, పక్క నుంచి అల. పదిహేను సెకండ్లలో రోగి నాడి ఏదో, ఓడ నాడి ఏదో తెలియదు. ఉప్పు జ్వరంలో నాడి నిమిషానికి ఒకసారే తప్పవచ్చు. అందుకే మొదటి రోజు మొదటి పాఠం: పూర్తి నిమిషం, నోరు మూసుకుని, లెక్కపెట్టు. మధ్యలో మాట్లాడితే దానియేలు సార్ వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవారు.

మిగిలిన రోజులు: 51

సార్‌కు చెప్పాను. ఆయన ఉతికిన దుప్పటి పిండుతూ ఆగిపోయారు.

"అంటే నేను నేర్పినవాళ్ళంతా..." అన్నారు. తర్వాత దుప్పటిని దులిపి తీగ మీద వేశారు. దాని అంచులు సమంగా సర్దడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం సాధన మొదలుపెట్టాం. బల్ల మీద నేను రోగిని.

"ఏమ్మా, ఏం బాధ?" అంటూనే ఆయన చెయ్యి నా మణికట్టు మీదికి వచ్చింది. ఫట్‌మని కొట్టాను.

"గురువును కొడతావా!"

"మీరు నన్ను ఎన్నిసార్లు కొట్టారో లెక్కుంది సార్."

మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ చెయ్యి వచ్చింది. పన్నెండుసార్లు ప్రయత్నిస్తే పన్నెండుసార్లూ వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుంటే ఏం అడగాలో మరిచిపోయారు. ముప్ఫై ఏళ్ళుగా చెయ్యి పట్టుకున్నాకే ఆయనకు ప్రశ్న తట్టేది. నాకు ఆరేళ్ళ అలవాటే. అయిదో ప్రయత్నానికి నా చేతులు జేబుల్లో నిలిచాయి.

మిగిలిన రోజులు: 33

పరీక్షల మండలికి అర్జీ పెట్టాను. చుట్టలో చూసింది రాశాను, ఉప్పు జ్వరం సంగతి రాశాను, ఆ నిమిషాన్ని లెక్కలోకి తీసుకోమని అడిగాను. హైమవతి మేడమ్ సాక్షిగా సంతకం చేశారు. ఈ రోజు జవాబు వచ్చింది.

"పరీక్ష అందరికీ ఒకటే. గణకం అభ్యర్థి ఏ కాలేజీలో చదివారో చూడదు. కాబట్టి ఇందులో పక్షపాతానికి తావు లేదు."

దానితోపాటు మేడమ్‌కు ఇంకో కాగితం. చుట్టలు బయటివాళ్ళకు చూపించినందుకు ఆవిడను బొమ్మల గది నుంచి తోలు గిడ్డంగికి మార్చారు.

"ఏడవకు," అన్నారు సంచి సర్దుకుంటూ. "గాడ బొమ్మలుండయి. కనీసం మూల్గుడు వినే తిప్పలు లేదు."

అమ్మ రేడియోలో చెప్పిన లెక్క: నూట డెబ్భై. తొమ్మిది మంది పోయారు.

మిగిలిన రోజులు: 9

ఈ రోజు పరీక్ష అయింది. నాకు రెండో వరుస, సార్‌కు అయిదోది. మధ్యలో గోడలు ఉంటాయి. ఏ బొమ్మకు ఏ రోగమో గణకం ఆ పొద్దునే ఎక్కిస్తుంది కాబట్టి తుడిచేవాళ్ళను కూడా పరీక్షకు రానిస్తారు.

చేతులు జేబుల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళాను. పలకరింపు, ప్రశ్న, ఆదేశం. గోడ మీద అంకె చదివాను, మందు చెప్పాను. మొదటి బొమ్మ, రెండోది, మూడోది. అయిదోది అయ్యేసరికి నాకు భయం పోయింది. ఇంత సులువా అనిపించింది.

ఆరోది ముసలమ్మ బొమ్మ. దాని చెవి వెనక పగులు నాకు తెలుసు. ఆ పగులును మొన్న నేనే జిగురుతో అతికించాను.

"ఏం బాధమ్మా?" అన్నాను.

"నీరసంగున్నది బిడ్డా," అంది.

నా చెయ్యి జేబులోంచి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. మూడు వేళ్ళు మణికట్టు మీద ఉన్నాయి, నేను లెక్కపెడుతున్నాను. ఇరవై దాకా వచ్చాక తెలిసింది. తీసేయవచ్చు. ఇంకా సమయం ఉంది. అది బొమ్మ అని నాకు తెలుసు, గణకం వింటోందని తెలుసు. కానీ నీరసం అన్న మనిషి నాడిని మధ్యలో వదిలేయడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. నిమిషం నిండేదాకా లెక్కపెట్టాను.

డెబ్భై రెండు. ఒక్కటి కూడా తప్పలేదు. గడియారంలా ఉంది. దానికి ఉన్నది మామూలు రక్తహీనత.

మిగిలిన రోజులు: 8

బొమ్మలు తుడిచాను. నా వరుసలో ఆరో బొమ్మకు ఒక్కదానికే మణికట్టు నలిగింది.

అయిదో వరుసలో మొదటి బొమ్మ మణికట్టు చూశాను. రెండోది చూశాను. ఎనిమిదింటికీ అతుకు వేసి, సాయంత్రం వసతికి వెళ్ళాను. సార్ చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నారు.

"ఈసారి బాగానే చేశాననుకుంటున్నాను రత్నం," అన్నారు.

"మంచిది సార్," అన్నాను.

మిగిలిన రోజులు: 3

బోర్డు మీద నాకు "అర్హత ఉంది" అని, ఆయనకు "అర్హత లేదు" అని వచ్చింది. సార్ నా తల మీద చెయ్యి వేసి, "పద, ముద్ర తెచ్చుకుందాం," అన్నారు. నాతోపాటు ముద్రల కార్యాలయం దాకా నడిచారు.

గుమాస్తా నవ్వుతూ చిన్న పెట్టె ఇచ్చాడు. "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్."

లోపల బొటనవేలంత ముద్ర ఉంది. దాని మీద ఒక సంఖ్య వెలుగుతోంది: 318.

"ఇదేమిటి?"

"మీ ముద్ర బలం మేడమ్. ఏడాదికి గంతమందికి మందు ఇయ్యొచ్చు. ముద్ర వేసినప్పుడల్ల ఒకటి తగ్గుతది."

"ఎక్కడి నుంచి వచ్చింది ఈ సంఖ్య?"

"మార్కులే కదా. ఎనిమిది మంది రోగులు, మనిషికి అరవై. నాలుగొందల ఎనభైకి మీకు మూడొందల పద్దెనిమిది. మంచిగొచ్చినయి."

"మార్కులు తీసేశారు కదా!"

"చూపించుడు తీసేసినం మేడమ్," అన్నాడు ఓపికగా. "వేసుడు ఎందుకు తీస్తం? ఇక్కడ చదివినోళ్ళకు కాలేజీ పేరు చాలు, వాళ్ళకు లెక్క లేదు. బయట చదివినోళ్ళను మందుల గిడ్డంగి ఎంతవరకు నమ్మాలె? ఏదో ఒక కొలత కావాలె గద."

కాగితం చూపించమన్నాను. ముద్ర వచ్చినవాళ్ళకు చూపించవచ్చట. ఆరో రోగి ఎదురుగా సున్నా ఉంది.

"పెంచుకోవచ్చా?"

"వచ్చే ఏడు మళ్ళ రాయొచ్చు."

రేడియో వంతు మార్పించుకుని అమ్మతో మాట్లాడాను. గెలిచానని చెప్పగానే వెనక ఎవరో ఈలలు వేశారు. జ్వరం ఎంతమందికి ఉందని అడిగాను.

"నాలుగొందలా రెండు," అంది అమ్మ. "ఇంకేటి భయం లేదులే, నువ్వొచ్చీస్తన్నావు గదా."

మిగిలిన ముద్రలు: 318

దానియేలు సార్ కూడా నాతో పడవెక్కారు. ఆయన తెప్ప తుపానులో విడిపోయి అయిదేళ్ళయింది. "నువ్వు ముద్ర వెయ్యి, నేను చెయ్యి చూస్తాను. దానికి పరీక్ష అక్కర్లేదుగా," అన్నారు.

పడవలో మందు పెట్టె ఉంది. గాజు తలుపు, లోపల అయిదు వందల పొట్లాలు. గిడ్డంగివాళ్ళు ఏ తెప్పకైనా అదే పెట్టె పంపుతారు. ముద్ర ఆనించి పేరు చెబితే ఒక పొట్లం బయటికి జారుతుంది.

రేవులో అమ్మ ముద్రను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇంతేటే? దీనికేనా ఆరేళ్ళు?" అంది. అందరూ నవ్వారు. సంఖ్య గురించి ఆ పూట ఎవరికీ చెప్పలేకపోయాను.

మిగిలిన ముద్రలు: 141

చేపల షెడ్డులో రెండు రోజులుగా చూస్తున్నాం. సార్ ఒక్కొక్కరి నాడినీ నిమిషం పాటు లెక్కపెట్టి నాకు చెబుతారు, నేను వరుస రాస్తాను. పదేళ్ళలోపు పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు, ఆ తర్వాత నాడి ఎక్కువగా తప్పుతున్నవాళ్ళు. ఒక పొట్లాన్ని ఇద్దరికి పంచితే ఇద్దరికీ పనిచేయదు. సగం మందుకు ఈ జ్వరం ఇంకా ముదురుతుంది.

నాలుగు వందల రెండులో మూడు వందల పద్దెనిమిది పోతే ఎనభై నాలుగు. అందులో అరవై మంది ఆ ముసలమ్మ బొమ్మ దగ్గర ఉండిపోయారు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా మారడం లేదు.

మిగిలిన ముద్రలు: 0

మూడు వందల పంతొమ్మిదో మనిషి ఎర్రయ్య తాత. వలలు అల్లుతాడు. చిన్నప్పుడు నాకు ఈత నేర్పాడు. కూర్చుని చెయ్యి చాచాడు.

"ఏటే డాకటేరమ్మా, ఎయ్యి నీ ముద్ర."

"అయిపోయింది తాతా."

గాజులోంచి లోపలికి చూశాడు. "లోపలున్నాయి గదేటి?"

"ఉన్నాయి. నూట ఎనభై రెండు. నా ముద్రకు ఇంతవరకే బలం."

"గొడ్డలి తెమ్మంటావేటి?"

"గొడ్డలి పడితే చల్లదనం పోతుంది తాతా. మందు నీళ్ళయిపోతుంది. మళ్ళీ పెట్టె రాదు."

"ఎవులెట్టేరే ఈ లెక్క?"

అప్పుడు చెప్పాను. వెనక కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా నిలబడి చెప్పాను. పరీక్ష, బొమ్మలు, ఖాళీ నిమిషం, ఆరో బొమ్మ, సున్నా. ఏదీ దాచలేదు. సార్ తల ఎత్తలేదు. అమ్మ గోడకు ఆనుకుని వింటోంది.

ఎర్రయ్య తాత చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ ముసిల్దానికి ఏటైనా అయ్యుందేటి?"

"లేదు తాతా. నాడి బాగానే ఉంది."

"బొమ్మని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు పట్టుకున్నావే?"

"నీరసంగా ఉందంది తాతా."

తాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వెనక్కి తిరిగాడు. నేను చెప్పాల్సిన మాట తనే చెప్పాడు.

"ఎల్లిపోండర్రా. అయిపోనాది."

ఎనభై మూడు మంది ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరూ నన్ను తిట్టలేదు. షెడ్డు తలుపు ఇరుకు, అందులో కొందరిని మోసుకుపోవాల్సి వచ్చింది. అందరూ బయటికి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నేను కూర్చోలేదు.